టీకాల వరుస

"వాళ్ళది రెండో రోజు పెట్టుకుందాం లేప్పా" అని వకీలుగారు అన్నప్పుడు నేను కాఫీ గ్లాసుల పళ్ళెంతో గడప దాటుతున్నాను. వసారాలో కూర్చున్న నలుగురిలో ముగ్గురు తేలిగ్గా ఊపిరి వదిలారు. ఏదో చెడు జరగబోతోందని నాకు మాత్రం మొదట అనిపించింది సరిగ్గా అప్పుడే.

ఊపిరి వదలని నాలుగో మనిషి టైలరు. హోసూరు బజారులో ఒక కిరాణా అంగడి అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టేవాడు. చెరువుకట్ట అవతల, ఊరికి ఎడంగా ఉన్న అంటరానివాళ్ళ వాడ ఆయనది. ఆ వాడలో ఎస్సెస్సెల్సీ దాకా చదివినవాడు ఆయనొక్కడే. మిగిలిన ముగ్గురిలో ఒకరు మావారు, హైస్కూలు మేష్టరు. ఒకరు ఖద్దరు తప్ప ఇంకొకటి కట్టని వకీలుగారు. మూడో ఆయన బస్సు కండక్టరు, కార్మికుల సంఘం మనిషి. తాలూకాకు ఒక ప్రసూతి ఆస్పత్రి కావాలని ఈ నలుగురూ రెండేళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్నారు. ఆరోగ్య సంఘం అని పేరు పెట్టుకున్నారు. దానికి ఆఫీసు మా వసారా. కాఫీ నాది.

ఆ ఆస్పత్రి నాకూ కావాలి. మా చిన్నది కడుపులో అడ్డం తిరిగినప్పుడు మంత్రసాని చేతులెత్తేసింది. ఎవరి కారులోనో నన్ను కృష్ణగిరికి తీసుకుపోయారు. దారిలో సూళగిరి దీపాలు కనిపించి వెనక్కి పోవడం ఒక్కటే నాకు గుర్తుంది. వకీలుగారి అక్కకు ఆ కారు కూడా దొరకలేదు. బండిలో పోతూ సూళగిరి దాటాక ప్రాణం విడిచిందట. ఆయన ఆ మాట ఎప్పుడూ చెప్పేవారు కాదు. ఆయన లేనప్పుడు మావారు చెప్పారు.

ఆ ఏడు ఎండలు మొదలయ్యే వేళకు వాడలో అమ్మవారు పోసింది. మశూచి అని పుస్తకాల్లో చదువుకున్న నేను కూడా పైకి ఆ మాట అనేదాన్ని కాదు. రెండిళ్ళ గుమ్మాలకు వేపమండలు కట్టారని, ఆ ఇళ్ళలో తాలింపు వేయడం మానేశారని తెలిసింది. కృష్ణగిరి నుంచి టీకాలాయన్ని పంపిస్తామని, ఊరందరినీ ఒక చోటికి రప్పించే పని మీ సంఘం చూసుకోవాలని ఆరోగ్యశాఖ ఆఫీసరు మావారితో అన్నాడు. అది బాగా జరిగితే ఆస్పత్రి గురించి పైకి రాస్తానన్నాడు. దాంతో మొదలైంది తగువు. ముందు ఎవరికి వేయాలి?

"అమ్మ మా వాడలోనే కదప్పా వచ్చి కూచోనుండాది. ఇల్లు కాలేది ఒక తావ, నీళ్ళు పోసేది ఇంకో తావనా?" అన్నాడు టైలరు.

"నేను కాదంటినా? మొదట మీవాళ్ళకి కుచ్చిన సూదంటే పెద్దవీధిలో ఒక్కరు కూడా చెయ్యి చాపరు. ఊరు రాలేదంటే ఆఫీసరు ఏం రాస్తాడు? ఆస్పత్రి వస్తే మీ ఆడోళ్ళకి కూడా కదప్పా" అన్నారు వకీలుగారు.

"సూదిని ఒక్కొక్కరికీ దీపంలో కాలుస్తారు. నిప్పుకి ఏం అంటు?"

"నాకి చెప్పద్దు. మా అమ్మకి చెప్పు."

కండక్టరు పకపకా నవ్వాడు. "మీ అమ్మకి చెప్పేదానికి మీరుండారు కదా వకీలప్పా. కోర్టులో అంత గట్టిగా వాదిస్తారు, ఇంట్లో మాత్రం వాయిదాలేనా?" అని, అంతలోనే టైలరు వైపు తిరిగాడు. "నువ్వు కూడా చూడప్పా. జబ్బుకి కులం లేదు. ఉన్నోడు, లేనోడు, అంతే లెక్క. కులం మాట ఎత్తినామంటే మనం నలుగురం నాలుగు దిక్కులు."

"నేను యాడ ఎత్తినాను? బస్సులో టిక్కెట్టు ఇచ్చేటప్పుడు నా చేతిలో పెడతావా, పైనించి వేస్తావా?"

"నీ చేతిలోనే పెడతాను."

"నాకి పెడతావు. మా నాయనకి?"

కండక్టరు నవ్వు అక్కడ ఆగిపోయింది. మావారు గొంతు సవరించుకుని స్కూల్లో అందరికీ ఒకే వరుస పెడదామన్నారు. వకీలుగారు తల అడ్డంగా ఊపారు. అప్పుడే ఆయన నోట ఆ రెండో రోజు మాట వచ్చింది. మొదటి రోజు పెద్దవీధి, బజారు. రెండో రోజు వాడ. అదే స్కూలు, అదే టీకాలాయన. ఎవరినీ వద్దనలేదు, ఎవరినీ వెనక్కి పంపలేదు. చెప్పుకోవడానికి ఎంతో బాగుంది.

టైలరు కాఫీ పూర్తిగా తాగాడు. గ్లాసు నా పళ్ళెంలో పెడుతూ "కాఫీ బాగుండాదమ్మా" అన్నాడు. తర్వాత వాళ్ళవైపు చూసి, "విందు మీకి, మిగిలిన కూడు మాకి. కానీయండప్పా" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నా భయం వేరు. బెంగుళూరు కాలేజీలో చదివేటప్పుడు మా లెక్చరరు చెప్పిన ఒక మాట నా తలలో తిరుగుతోంది. టీకా మందు ప్రాణమున్న వస్తువు, వేడికి చచ్చిపోతుంది. కృష్ణగిరిలో దాన్ని ఐసు పెట్టెలో దాస్తారు. అక్కడి నుంచి బస్సులో, ఆ ఎండలో, తడిగుడ్డ చుట్టిన కుండలో రావాలి. మొదటి రోజుకే అది అరకొర ప్రాణంతో ఉంటుంది. రెండో రోజుకు దాంట్లో ఏం మిగులుతుంది?

వాడలో నాకు తెలిసిన చంటిపాప ఒకతె ఉంది. టైలరు కూతురు. మా చిన్నదీ ఆ పిల్లా ఒకే వారంలో పుట్టారు. కుట్టిన రవికలు ఇవ్వడానికి టైలరు భార్య వస్తే ఇద్దరూ మా వసారాలో పాకేవాళ్ళు. ఒకే చెంచా కోసం కొట్లాడుకునేవాళ్ళు. వేపమండలు కట్టిన ఇళ్ళలో ఒకటి వాళ్ళింటి పక్కదే. అమ్మవారు వచ్చిన దగ్గర్నించి ఆమె మా ఇంటికి రావడం మానేసింది. ఎవరూ రావద్దనలేదు. తనే మానుకుంది.

ఆ సాయంత్రం మావారితో మందు సంగతి చెప్పాను. ఆయన విన్నారు. ఆయన ఎప్పుడూ వింటారు.

"నువ్వు చెప్పేది నిజమే. కానీ ఇప్పుడు కదిలిస్తే వకీలు పోతాడు."

"టైలరు పోయినాడు కదా."

"ఆయన మళ్ళా వస్తాడు."

"ఎందుకు వస్తాడు?"

ఆయన మా పెద్దవాడి కాపీ పుస్తకం తీసుకుని దిద్దడం మొదలుపెట్టారు.

టీకాల రోజు మంగళవారం పడింది. ఆ విషయం ఆ నలుగురిలో ఎవరికీ పట్టలేదు. సంఘం పనికి పంచాంగం చూడకూడదని మొదట్లోనే గట్టిగా అనుకున్నారు. రాహుకాలం అంటే కండక్టరు వేళాకోళం చేసేవాడు, వకీలుగారు కూడా నవ్వేవారు. అలా వారం పేరు చూడటం కూడా మరిచిపోయారు. మంగళవారం అమ్మవారి వారం. అమ్మ ఊళ్ళో ఉన్నప్పుడు, ఆమె వారాన, ఆమె వచ్చే ఒంటి మీద ఎవరైనా సూది కుచ్చనిస్తారా? పెద్దవీధి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకూ ముందు రోజు పొద్దుపోయాక, ఎదురింటావిడ "రేపు ఎట్ల పోతారమ్మా, మంగళవారం కదా" అన్నాకే తట్టింది.

స్కూల్లో పొద్దున్నే అంతా సిద్ధం చేశారు. టీకాలాయన బస్సు దిగి, తడిగుడ్డ చుట్టిన కుండను చంటిపిల్లను దించినట్టు బల్ల మీద దించాడు. పెద్దవీధి మొత్తం ఒక్కసారిగా వచ్చి పడుతుందని వకీలుగారు హడావిడి పెట్టారు. చెయ్యి చేతికి ఆలస్యం కాకూడదని మందు ఉన్న గాజుగొట్టాలన్నీ కుండలోంచి తీయించి పళ్ళెంలో వరుసగా పేర్పించారు. నేను మా పిల్లలిద్దరినీ తీసుకుని అందరికంటే ముందు వెళ్ళాను. టీకాలాయన నా చిన్నదాని చెయ్యి ఎడమచేత్తో పట్టుకుని, మందు చుక్క వేసి, దీపంలో కాల్చి చల్లార్చిన సూదిని దాని మీద మెలితిప్పాడు. అది ఏడ్చింది. పెద్దవాడు ఏడవలేదు గానీ నా కొంగు వదల్లేదు. తర్వాత ఉద్యోగస్థుల పిల్లలు కొందరు వచ్చారు. ఒక ముసలాయన మనవడిని తెచ్చాడు. అంతే. ఆపైన బెంచీలు ఖాళీ.

ఎండ కిటికీలోంచి బల్ల మీదికి వచ్చింది. వకీలుగారు గేటు దాకా వెళ్ళడం, రావడం. "భోంచేసి వస్తారు" అన్నారు. ఇంకాసేపటికి "పనులు ముగించుకొని వస్తారు" అన్నారు. కండక్టరు మాత్రం "మీ అమ్మ వస్తా ఉందా వకీలప్పా?" అని అడిగి, జవాబు రాకపోతే బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోయాడు.

నేను మావారి దగ్గరికి వెళ్ళి, "వాడవాళ్ళని ఇప్పుడే పిలిపించండి" అన్నాను.

వకీలుగారు విన్నారు. "లేదమ్మా. మాటంటే మాట. ఈ రోజు వాళ్ళొస్తే రేపు ఈ స్కూలు మెట్టు కూడా తొక్కరు మనవాళ్ళు. ఆస్పత్రిని మరిచిపోవల్సిందే. మీకి తెలవదా దాని అవసరం?"

తెలుసు. నాకంటే బాగా ఆ గదిలో ఎవరికీ తెలియదు. మావారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు, బల్ల వైపు చూశారు. టీకాలాయన తన మానాన తను దీపానికి వత్తి సరిచేసుకుంటున్నాడు.

నేను చిన్నదాన్ని చంకనేసుకుని, పెద్దవాడి చెయ్యి పట్టుకుని బజారుకు నడిచాను. ఎవరూ పొమ్మనలేదు, వద్దనలేదు. నేను వెళ్ళేసరికి టైలరు భార్య ఆయనకు సంగటి తెచ్చి అరుగు కింద నిలబడి ఉంది. చంకలో పాప. మిషను ఆగలేదు.

"ఇప్పుడే వాడ పిల్లల్ని పిలిపించండి. మందు ఉండాది. రేపటికి పనికిరాదు" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "రేపని కదమ్మా సంఘంలో తీర్మానం చేసినారు. రేపే వస్తాం. పెద్దవీధి రాలేదని మిగిలిపోయినదానికి పిలిస్తే పరిగెత్తుకొని వచ్చే కాలం పోయె."

"మిగిలిపోయింది కాదు, చచ్చిపోతుంది. మందు వేడికి చస్తుంది."

"ఆ మాట ఆ పొద్దు వసారాలో చెప్పింటే బాగుండు. చెప్పింటే మాత్రం వినుంటారా?"

ఆయన భార్య నన్ను చూసింది. "నిజమేనామ్మా? రేపటికి చస్తుందా?"

"నేను చదువుకున్నానమ్మా. నిజం."

"ఈ పొద్దు మంగళవారం" అన్నాడు ఆయన. ఆ మాట ఆయన నోటివెంట రావడం చూసి నేను తెల్లబోయాను. బహుశా ఆయనా తెల్లబోయి ఉంటాడు. మిషను ఆగింది.

"అమ్మ పక్కింటికి వారం చూసుకొని వచ్చినాదా?" అంది ఆమె. "నీ రోషం పెద్దదా, బిడ్డ పెద్దదా? సంగటి చల్లారిపోతుంది, తిను. నేను పోతాను." పాపను ఇంకో చంకకు మార్చుకుని నా పక్కన నడవడం మొదలుపెట్టింది. నా వెనక నడవలేదు, పక్కనే నడిచింది. బజారులో జనం చూశారు. ఆ చూపులు నాకు వీపు మీద తగులుతూనే ఉన్నాయి. పెద్దవాడు ఆ పాప కాలి మువ్వను పట్టుకుని ఆడిస్తూ వచ్చాడు.

చెరువుకట్ట దగ్గర ఆమె ఆగి వాడ వైపు చెయ్యెత్తి ఎవరినో కేకేసింది. కాసేపటికే టైలరు సైకిలు మీద మమ్మల్ని దాటుకుని వాడలోకి పోయాడు. మా వైపు చూడలేదు. ఆయన వెనకాల తల్లులు, పిల్లలు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు బయలుదేరారు. రాని వాళ్ళూ ఉన్నారు, మంగళవారం వాళ్ళకు మాత్రం కాదా? అయినా స్కూలు వరండా నిండింది.

వకీలుగారు గొడుగు చేతిలోకి తీసుకున్నారు. "మేష్ట్రూ, మీ ఇంటామె రెండేండ్ల పని ఒక్క పూటలో ముగించేసింది" అన్నారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఏదో ఒకటి అనేదాన్నే. మెట్ల మీద ఆగి, నా వైపు తిరిగి, "మా అక్క కోసరం చేసినానమ్మా నేను" అన్నారు. గొడుగు తెరవకుండానే ఎండలో వెళ్ళిపోయారు.

మావారు అప్పుడు లేచి వరుస సరిచేయడం మొదలుపెట్టారు. కండక్టరు ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని కూతలు కూస్తూ నవ్వించాడు. టిక్కెట్ల సంచీ మెడలో అలాగే ఉంది. ఒక పిల్ల దాని బకిల్ని నోట్లో పెట్టుకుంటే "అది గవర్మెంటుది తల్లీ, తినద్దు" అన్నాడు. ఆ సాయంత్రమే మావారితో, "ఆమె చేసింది మంచిదే మేష్ట్రూ, కానీ తీర్మానం అని ఒకటుంటుంది కదా. అడిగి చేసుంటే బాగుండు" అన్నాడట. అడిగితే ఏమయ్యేదో ఆయనకూ తెలుసు.

టైలరు పాప వంతు వచ్చినప్పుడు నేను బల్ల పక్కనే ఉన్నాను. టీకాలాయన పళ్ళెంలోంచి గాజుగొట్టం తీశాడు. ఎండ పళ్ళెం మీద ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. గొట్టాలు వేడెక్కాయేమో చెయ్యి పెట్టి చూడాలనిపించింది. అప్పటికే సూది పడింది, పాప కెవ్వుమంది, తల్లి నవ్వుతూ ఏడ్చింది.

ఆ తర్వాతి రోజుల్లో నేను చేసిన పని ఒక్కటే, చేతులు చూడటం. మూడో నాటికి మా చిన్నదాని చేతి మీద ఎర్రగా పొంగింది. తర్వాత బొబ్బ, జ్వరం. దాని ఒళ్ళు కాలుతుంటే టీకా అంటుకుందని నేను సంతోషించాను. జ్వరానికి సంతోషించే తల్లిని నన్ను నేనే చూసుకుని భయపడ్డాను. వంట మధ్యలో లేచిపోయి చూసేదాన్ని, పాలు తాగేటప్పుడు చూసేదాన్ని. టైలరు భార్య కోసం వాకిట్లోకి పదేపదే వచ్చేదాన్ని. టీకాల రెండో రోజు స్కూలుకు ఎవరూ రాలేదు, పెద్దవీధి కూడా. మందూ లేదు. ఆఫీసరు ఏమీ రాయలేదు. మా వసారాలో కాఫీ ఆగిపోయింది.

వారం తిరిగాక ఆమె వచ్చింది. గేటు బయటే నిలబడి పాప చొక్కా భుజం మీదికి లాగి చూపించింది. సూది గీత ఎండిపోయి ఉంది. దాని చుట్టూ చర్మం నున్నగా, శుభ్రంగా, ఏ చంటిపిల్ల చెయ్యైనా ఉన్నట్టే ఉంది.

"మా వాడలో ఇంకా శానామందివి ఇట్లనే ఉండాయమ్మా. టీకా అంటుకోలేదు. మీ బిడ్డది?"

మా చిన్నది వెనక నుంచి పాకుతూ వచ్చింది. దాని చెయ్యి కనబడుతూనే ఉంది. దాచడానికి ఏం లేదు. ఆమె చూసింది. నేనే అన్నాను, "కృష్ణగిరిలో ఐసు పెట్టెలో మందుంటుంది. అక్కడికే పోదాం. నేను వస్తాను."

"ఆయన పోనియ్యడమ్మా. అందరి పిల్లలు ఈడుంటే మన పిల్ల ఒక్కతే పోతుందా అంటాడు."

"ముందు ఈ పాపకి వేయిద్దాం. మిగిలినవాళ్ళకి మళ్ళా ఈడికే తెమ్మని ఆ ఆఫీసులో కూచుంటాం. తెస్తామనేదాకా లేవం." ఆ మాట అన్నాక ఇంక వెనక్కి తీసుకోలేకపోయాను.

ఆమె పాపను చూసింది. "మొదటి బస్సుకి వస్తాను. ఆయనకి నేను చెప్పుకుంటాను" అంది.

ఆ రాత్రి మావారితో చెప్పాను. ఈసారి ఆయన వినడంతో ఊరుకోలేదు. లేచి రెండు సీట్ల కోసం కండక్టరు ఇంటికి వెళ్ళారు. కండక్టరు, "నా బస్సే కదా, ముందు సీటులో కూచోబెడతాను, ఇద్దరినీ. టిక్కెట్టు చేతిలోనే పెడతానని టైలరప్పకి చెప్పండి" అన్నాడట.

ఆ తర్వాతి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, దాచి ఊరించడం నాకు చేతకాదు. కృష్ణగిరిలో ఆ పాపకు టీకా అంటుకుంది. వాడకు మళ్ళీ మందు వచ్చింది, కానీ అంతలోపల వాడలో ఇద్దరు పిల్లలు పోయారు. వాళ్ళ తల్లులు ఆ మంగళవారం వరుసలో నిలబడినవాళ్ళే. ప్రసూతి ఆస్పత్రి మాత్రం ఇప్పటికీ రాలేదు. నాకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. రాత్రిళ్ళు నిద్ర రాక ఇది రాస్తున్నాను. కాన్పు కష్టమైతే మళ్ళీ అదే దారి, అదే సూళగిరి. వకీలుగారు రోడ్డు మీద కనబడితే గొడుగు కొంచెం ఎత్తి పలకరిస్తారు. ఆయన అన్నది తప్పు అని నేను అనలేను. నేను బజారుకు నడవడం తప్పనీ అనలేను. ఈ రెండూ నాలో ఎప్పుడూ పక్కపక్కన కూర్చోవు. ఒకటి లేస్తే ఇంకొకటి కూర్చుంటుంది.

కానీ మొదటి బస్సుకు బయలుదేరిన ఆ తెల్లవారుజామున ఇవేవీ నాకు తెలియవు. పెద్దవాడిని లేపి ముఖం కడిగాను. చన్నీళ్ళకు వణుకుతూ "యాడికి?" అన్నాడు. కృష్ణగిరికి అన్నాను. "నాకి మళ్ళా సూదా?" అని చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"నీకు కాదు, చెల్లికీ కాదు. మీకు మందు చల్లగా ఉన్నప్పుడే అందింది. ఆ పాపకు ఎండలో కాగిపోయాక అందింది. అందుకని అది పని చేయలేదు. ఈ రోజు ఆ పాపకు వేయిద్దాం" అన్నాను.

వాడు దాచుకున్న చెయ్యి ముందుకు తీశాడు. "ఆ పాపకి మొదట ఎందుకు వేయలేదు?"

చిన్నది ఒళ్ళో ఉంది. దాని చేతి మీద పొక్కు పక్కు కట్టి ఎండుతోంది. పెద్దవాళ్ళు ఎవరు ముందో తేల్చుకోలేక కొట్లాడుకున్నారని చెబుదామనుకున్నాను. అది సగమే నిజం.

"ఆ పాప వాళ్ళని తాకగూడదని కొందరు అనుకుంటారు కాబట్టి" అన్నాను. "మనం తాకుతాం. బస్సులో ఆ పాప నీ ఒళ్ళో కూచుంటుంది. అక్కడ వరుసలో నిలబడినప్పుడు ఎవరైనా వెనక్కి జరగమంటే జరగద్దు. చెల్లి చెయ్యి పట్టుకుని అట్లనే నిలబడు. నేను పక్కనే ఉంటాను."